ఉరకలు వేసే కుక్కకు ముందు పడుకోవడం నేర్పండి

"మాది చాలా యాక్టివ్ ఫ్యామిలీ అండీ, రోజూ రన్నింగ్‌కి వెళ్తాం, పిల్లలు స్విమ్మింగ్ అనీ స్కేటింగ్ అనీ ఎప్పుడూ బయటే ఉంటారు, మాకు బాగా హుషారుగా ఉండే కుక్క కావాలి" అని నన్ను అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. మా కుక్క గవ్వ వైజాగ్ బీచ్ రోడ్డు మీద మాతో పాటు పరుగెత్తడం చూసి అడుగుతారు. వాళ్లకి నేను చెప్పేవి రెండే సంగతులు. తప్పకుండా తెచ్చుకోండి, అదీ షెల్టర్‌లో ఉన్న ఏడాది, ఏడాదిన్నర వయసు కుక్కనే తెచ్చుకోండి అన్నది మొదటిది. రెండోది ప్రశ్న: మీ ఇంట్లో పగటిపూట ఎక్కువసేపు ఒకచోట కూర్చునే మనిషి ఎవరైనా ఉన్నారా?

ఈ రెండో ప్రశ్న వినగానే చాలామంది ఇబ్బందిగా చూస్తారు. పరుగెత్తే కుక్క కోసం వస్తే కూర్చునే మనిషి గురించి అడుగుతుందేమిటి అనుకుంటారు. ఎందుకు అడుగుతున్నానో ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పడం కుదరడం లేదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు షెల్టర్ల సంగతి. హైదరాబాద్‌లో 1992 నుంచి నడుస్తున్న బ్లూ క్రాస్ లాంటి పెద్ద సంస్థలు ఉన్నాయి, మా విశాఖలో వీఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ ఉంది, ఇవి కాక దాదాపు ప్రతి ఊళ్లోనూ సొంత డబ్బు పెట్టి ఇంటి వెనక నాలుగు గదులు కట్టి కుక్కల్ని సాకేవాళ్లు ఉన్నారు. ఎక్కడికి వెళ్లినా కళ్లు తెరిచీ తెరవని కుక్కపిల్లల చుట్టూ జనం మూగుతారు, ఫోటోలు తీసుకుంటారు, అవి త్వరగానే ఇళ్లకి వెళ్లిపోతాయి. ముసలి కుక్కల్ని కూడా అప్పుడప్పుడు మంచి మనసున్నవాళ్లు జాలిపడి తీసుకెళ్తారు. మధ్యలో ఉండిపోయేవి ఏడెనిమిది నెలల నుంచి రెండేళ్ల లోపు కుక్కలు. అప్పటికి ముద్దొచ్చే బొద్దుతనం పోయి కాళ్లు పొడుగై, పళ్లు గట్టిపడి, ఎవరు కనిపించినా జాలీ తలుపు మీదకి ఎగిరే దశలో ఉంటాయి. చూడటానికి వచ్చినవాళ్లు అమ్మో అని రెండడుగులు వెనక్కి వేస్తారు.

వీటిలో సగం కథలు ఒకేలా ఉంటాయి. రెండు నెలల పిల్లప్పుడు ఎవరో తెచ్చుకున్నారు, చెప్పులు కొరికినప్పుడు నవ్వుకున్నారు, ఎనిమిదో నెలలో సోఫా కొరికినప్పుడు మిద్దె మీద కట్టేశారు, అక్కడ అది రోజంతా మొరిగింది, పక్కింటివాళ్లు గొడవ పెట్టారు, చివరికి షెల్టర్‌లో వదిలేశారు. కొన్న కుక్కలకీ ఇదే గతి. మంచు దేశంలో బండ్లు లాగడానికి పెంచిన హస్కీని మా విశాఖ ఉక్కపోతలోకి తెచ్చి, ఏసీ గదిలో పెట్టి, ఏడాది తిరిగేసరికి దాని బలం తట్టుకోలేక ఎవరికైనా ఇచ్చేద్దామని చూసేవాళ్లని నేనే చూశాను. ఆ కుక్కని చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

చురుగ్గా తిరిగే కుటుంబాలకి సరిగ్గా సరిపోయేవి ఈ మధ్య వయసు కుక్కలే అని నా గట్టి నమ్మకం. కుక్కపిల్ల పెద్దయ్యాక ఎంత ఎత్తు అవుతుందో, పిల్లలంటే ఇష్టపడుతుందో భయపడుతుందో, ఇంకో కుక్కని చూస్తే ఏం చేస్తుందో ముందే తెలియదు. ఏడాది కుక్క విషయంలో ఇవన్నీ చాలావరకు కళ్లముందే కనిపిస్తాయి. మంచి షెల్టర్ అయితే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకాతో పాటు పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బుల టీకాలు కూడా వేయించి ఉంటుంది. వీధుల నుంచి వచ్చిన కుక్క చెవి కొన కత్తిరించి ఉంటే ఆపరేషన్ అయినట్టు గుర్తు. ఇంట్లో తడపకుండా బయటికి వెళ్లాలని పిల్ల కంటే ఇది తొందరగా నేర్చుకుంటుంది, ఎందుకంటే ఆపుకోగలిగే శక్తి దానికి అప్పటికే వచ్చి ఉంటుంది. మీతో కలిసి పరుగెత్తే రోజు కూడా పెద్దగా దూరంలో ఉండదు.

ఇక్కడిదాకా చెప్పేసరికి ఎదుటివాళ్లు సంబరపడిపోతారు. ఇంకేముంది, రేపటి నుంచే పొద్దున పది కిలోమీటర్లు, సాయంత్రం బంతాట, ఆదివారం కంబాలకొండ ట్రెక్కింగ్, దెబ్బకి అలసిపోయి హాయిగా పడుకుంటుంది అంటారు. నాకు భయం వేసేది ఈ మాట దగ్గరే.

గవ్వ మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్తాను. ఎవరో అద్దె ఇల్లు ఖాళీ చేస్తూ గేటు బయట వదిలేసి వెళ్లిన కుక్క అది. పళ్లు చూసి పది నెలలు ఉండొచ్చన్నారు. ఇసుక రంగు ఒళ్లు, నిక్కబొడుచుకున్న చెవులు, మెలి తిరిగిన తోక, మన వీధుల్లో తరతరాలుగా తిరుగుతున్న ఊరకుక్క. మేం చూడటానికి షెల్టర్‌కి వెళ్లినప్పుడు అది ఒక్క క్షణం కూడా కుదురుగా నిలబడలేదు. మీరు రన్నర్లు కాబట్టి మీకు బాగా సరిపోతుంది అని అక్కడున్న ఒకాయన అన్నారు. రోజూ వాటికి అన్నం పెట్టే ఆవిడ మాత్రం నన్ను పక్కకి పిలిచి, "అమ్మా, దీనికి పరుగు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇది రాత్రిపూట కూడా సరిగ్గా పడుకోదు. ముందు దీన్ని పడుకోబెట్టండి, తర్వాత ఎంత దూరమైనా తీసుకెళ్లండి" అంది. నేను ఇప్పుడు ఎవరికి ఏం చెప్పినా ఆవిడ మాటకి కొనసాగింపే.

ఆవిడ చెప్పినదాంట్లో ఎంత నిజం ఉందో చూడండి. ఆ వయసు కుక్కకి ఒంట్లో బలం పూర్తిగా వచ్చేస్తుంది, బుర్రకి నిదానం ఇంకా రాదు. కొత్త మనిషి, కొత్త చప్పుడు, బంతి, బైకు, దేన్ని చూసినా ఒళ్లంతా ఉద్రేకం నిండిపోతుంది, అది దిగడానికి చాలాసేపు పడుతుంది. దిగేలోపు మనం ఇంకో బంతి విసురుతాం. గంటసేపు బంతి వెంట పరుగెత్తిన కుక్క ఇంటికొచ్చి నాలుక వేలాడేసి పడిపోతే అలసిపోయింది అనుకుంటాం కానీ, కాసేపటికి లేచి మళ్లీ గుమ్మం దగ్గర నిలబడుతుంది. పైగా రోజూ అలా పరుగెత్తిస్తే దాని గుండె, కండరాలు ఇంకా గట్టిపడతాయి. మొదట్లో మూడు కిలోమీటర్లకే అలసిపోయే మనం కొన్ని నెలల సాధనతో హాఫ్ మారథాన్ ఎలా చేస్తామో రన్నర్లకి నేను చెప్పనక్కర్లేదు. కుక్క మనకంటే తొందరగా ఆ స్థాయికి వస్తుంది. ఈ నెల అలసిపోయిన దూరం వచ్చే నెలకి దానికి ఏ మూలకీ చాలదు. ఇక మీకు జ్వరం వచ్చినప్పుడో, ఆఫీసులో ఆడిట్ ఉన్నప్పుడో, తుఫాను పట్టి నాలుగు రోజులు వాన వదలనప్పుడో అంత బలమున్న కుక్క ఇంట్లో ఏం చేయాలి? కొరుకుతుంది, మొరుగుతుంది, గోడలెక్కుతుంది. అప్పుడు దాన్ని హైపర్ కుక్క అంటారు, షెల్టర్‌కి ఫోన్ చేస్తారు. కుక్క చేసిన తప్పేమీ లేదు. అలా తయారు చేసింది మనుషులు.

పెద్ద కుక్క రోజుకి పన్నెండు నుంచి పద్నాలుగు గంటల దాకా నిద్రపోతుంది. ఎదిగే వయసులో ఇంకా ఎక్కువే కావాలి. షెల్టర్‌లో చుట్టూ వందల గొంతులు మొరుగుతుంటే అంత నిద్ర ఎక్కడిది? అలా నిద్ర కరువైన కుక్కని తెచ్చి మర్నాడే పరుగులో పెట్టడం దాని మీద ప్రేమ ఉన్నవాళ్లు చేయాల్సిన పని కాదు.

షెల్టర్లవాళ్లు ఒక లెక్క చెప్తుంటారు: మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు. మొదటి మూడు రోజులు భయం తగ్గడానికి, మూడు వారాలు ఇంటి పద్ధతి అర్థం కావడానికి, మూడు నెలలు ఇది నా ఇల్లే అనిపించడానికి. ఇది గీత గీసినట్టు అన్ని కుక్కలకీ వర్తించదు, కానీ కంగారు పడేవాళ్లకి ధైర్యంగా పట్టుకోవడానికి పనికొస్తుంది. ఈ మొదటి వారాల్లో మీ రన్నింగ్ గ్రూపుకి కొత్త కుక్కని చూపించాలని ఎంత ఉబలాటం ఉన్నా ఆగండి. చుట్టాల్ని పిలిచి చూపించడం కూడా ఆపండి.

మరి దాని బలం అంతా ఎటు పోవాలి అంటారా? ముక్కులోకి పోవాలి. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు యాభై, అరవై లక్షలు ఉంటే కుక్క ముక్కులో ఇరవై కోట్లకు పైగా ఉంటాయి. దానికి లోకం అంతా వాసనే. మనం దాన్ని బయటికి తీసుకెళ్లి, గడియారం చూసుకుంటూ, అది ఒక స్తంభం దగ్గర ఆగగానే బెల్టు పట్టి లాగితే, దానికి ఆ షికారు దక్కనట్టే.

పొద్దున్నే మా బీచ్ రోడ్డు మీద బండ్లు ఆపేస్తారు కాబట్టి అప్పుడు తీసుకెళ్లడం హాయి. మా ఆయన పరుగుకి వెళ్లిపోతారు, నేను గవ్వకి పొడుగాటి తాడు కట్టి అది ఎటు లాగితే అటు నడుస్తాను. ఆరబెట్టిన వలల దగ్గర అది ఎంతసేపు నిలబడుతుందో చెప్పలేను. కొబ్బరి బొండాల గుట్ట, రాత్రి ముంత మసాలా బళ్లు నిలిపిన చోటు, ఎవరో కూర్చుని లేచిన అరుగు, పీతల బొరియలు, ప్రతిదాని దగ్గరా ఆగుతుంది. దూరం చూస్తే కిలోమీటరు కూడా అవ్వదు. అయినా ఇంటికొచ్చి నీళ్లు తాగి, ఒక నిట్టూర్పు విడిచి, మధ్యాహ్నం దాకా పడుకుంటుంది. పది కిలోమీటర్ల పరుగుకి రాని నిద్ర అది. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి, బీచ్‌లో పారేసిన మొక్కజొన్న కండెలు మింగనివ్వకండి, అవి పేగుల్లో అడ్డం పడితే ఆపరేషన్ దాకా వెళ్తుంది. "వదిలెయ్" అనే మాట అందుకే అన్నిటికంటే ముందు నేర్పాలి, నోట్లోది వదిలితే అంతకంటే మంచిది చేతిలో దొరుకుతుందని దానికి అర్థమయ్యేలా.

ఇంట్లో కూడా ముక్కుకి, దవడకి పని పెట్టొచ్చు. దాని తిండిని గిన్నెలో పోసి ముందు పెడితే నిమిషంలో అయిపోతుంది. అదే తిండిని పాత తువ్వాలులో చుట్టి ఇస్తే, కోడిగుడ్ల అట్టలో దాచి ఇస్తే, బోలుగా ఉండే రబ్బరు బొమ్మలో పెరుగన్నం కూరి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి ఇస్తే అరగంట దానితోనే కూర్చుంటుంది. నాకడం, నమలడం, వాసన పట్టి వెతకడం, ఈ మూడూ కుక్కని నెమ్మదింపజేస్తాయి. పచ్చి క్యారెట్ ముక్క కూడా బాగా పనికొస్తుంది. ఉడికించిన చికెన్ ఎముకలు మాత్రం వద్దు, అవి పెళుసుగా విరిగి గొంతులోనో పేగుల్లోనో గుచ్చుకుంటాయి. మిగిలిన పులుసు అన్నం కూడా వద్దు, ఉల్లిపాయ కుక్క రక్తాన్ని దెబ్బతీస్తుంది. ద్రాక్ష, చాక్లెట్ సంగతి చాలామందికి ఇప్పటికే తెలిసే ఉంటుంది.

ఇక పడుకోవడం నేర్పడం. హాల్లో ఒక మూల పాత బొంత పరవండి, నలుగురూ అటూ ఇటూ నడిచే దారిలో మాత్రం వద్దు. కుక్క తనంతట తాను వెళ్లి దాని మీద కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు, చప్పుడు చేయకుండా వెళ్లి దాని ముందుకాళ్ల మధ్య ఒక చిన్న ముక్క పెట్టి వచ్చేయండి. గుడ్ గర్ల్ అని గట్టిగా అరిచి చప్పట్లు కొడితే అది వెంటనే లేచి గంతులేస్తుంది, మీరు నేర్పాలనుకున్నది పోతుంది. మొదట ఇల్లు ప్రశాంతంగా ఉన్నప్పుడు, తర్వాత కుక్కర్ విజిల్ వేస్తున్నప్పుడు, తర్వాత కాలింగ్ బెల్ మోగినప్పుడు. ఏదైనా మెట్టు దగ్గర లేచిపోతుంటే ఒక మెట్టు కిందకి దిగి మళ్లీ అక్కడి నుంచి. చూడటానికి ఇది అసలు శిక్షణలా కనిపించదు. పిల్లలు విసుగుపడి, "అమ్మా, షేక్ హ్యాండ్ నేర్పుదాం" అంటారు. షేక్ హ్యాండ్ తర్వాత నేర్పుకోవచ్చు, అది రాకపోయినా ఏ కుక్కనీ ఎవరూ షెల్టర్‌కి తిరిగి పంపరు.

కూర్చునే మనిషి ఎందుకు కావాలో ఇప్పుడు చెప్తాను. మా ఇంట్లో ఆ మనిషి మా అత్తయ్య. కుక్కని తేవడం ఆవిడకి అసలు ఇష్టం లేదు. దేవుడి గది, వంటిల్లు, వెంట్రుకలు, అన్నీ న్యాయమైన అభ్యంతరాలే. ఆ రెండు గుమ్మాలూ కుక్క దాటకూడదని ఇంట్లో అందరం ఒప్పుకున్నాం, మా అమ్మాయితో సహా అందరం ఆ మాట మీదే ఉన్నాం. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు వరండాలో కుర్చీలోనే ఉంటారు. పేపర్ చదువుతారు, గోంగూర వలుస్తారు, బియ్యంలో రాళ్లు ఏరుతారు, ఫోన్లో చెల్లెలితో మాట్లాడతారు. గవ్వ వచ్చిన కొత్తలో ఆవిడ దాన్ని పిలవలేదు, తాకలేదు, దాని కళ్లలోకి చూడలేదు. మేం ముగ్గురం ఇంట్లోకి వస్తే ఎగిరెగిరి మీద పడే కుక్క ఆవిడ కుర్చీ దగ్గరికి వెళ్లి, కాసేపు చూసి, ఏమీ జరగడం లేదని తేల్చుకుని, అక్కడే చతికిలపడి నిద్రపోయేది. ఏమీ జరగకపోవడమే దానికి కావలసిన మందు. మేం ఎంత ప్రయత్నించినా ఇవ్వలేనిది ఆవిడ ఊరికే కూర్చుని ఇచ్చారు. ఇప్పుడు ఆవిడ ఊరెళ్తే గవ్వ ఆ కుర్చీ దగ్గరే పడుకుంటుంది.

చురుకైన ఇల్లు అనుకునే చాలా ఇళ్లు నిజానికి పగలంతా తాళం వేసి ఉండే ఇళ్లు. ఇద్దరూ ఉద్యోగాలకి, పిల్లలు స్కూలుకి, అక్కడి నుంచి ట్యూషన్‌కి, శని ఆదివారాలు బయట. పొద్దున గంట, సాయంత్రం గంట మీరు కుక్కతో ఎంత ఉత్సాహంగా గడిపినా, మధ్యలో పది గంటల ఒంటరితనం అలాగే ఉంటుంది. అంతకుముందు ఒకసారి వదిలేయబడిన కుక్కకి తలుపు మూసుకోవడం మామూలు విషయం కాదు. అందుకే మొదట్లో ఎవరో ఒకరు సెలవు పెట్టాలి, ఇద్దరూ ఒకేసారి పెట్టకుండా ఒకరి తర్వాత ఒకరు పెడితే ఎక్కువ రోజులు కలిసొస్తుంది. ఒంటరిగా ఉండటం కూడా కొద్దికొద్దిగానే నేర్పాలి. చెత్త పారేసి వచ్చేంతసేపు, కూరగాయలు తెచ్చేంతసేపు, అలా పెంచుకుంటూ పోవాలి. ఇంట్లో పెద్దవాళ్లు లేరు, వర్క్ ఫ్రమ్ హోమ్ లేదు, మధ్యాహ్నం వచ్చి చూసే మనిషి కూడా లేరు అంటే, ఈ వయసు కుక్క మీకు ఇప్పుడు వద్దని నేను మొహమాటం లేకుండా చెప్తాను. ఆరేడేళ్లు దాటిన నిదానపు కుక్క అయితే ఆలోచించండి.

పరుగు వద్దని నేను అనడం లేదు, దానికి సమయం ఉంది అంటున్నాను. ఎదిగే వయసులో ఎముకల చివర్లు ఇంకా మెత్తగా ఉంటాయి, అవి గట్టిపడటానికి కుక్క సైజుని బట్టి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. అప్పటిదాకా తారు రోడ్డు మీద దూరపు పరుగులు వద్దు. డాక్టర్‌కి చూపించి, సరే అన్నాక, మనం కొత్తగా పరుగు మొదలుపెట్టినప్పుడు చేసినట్టే కాసేపు నడక, కాసేపు పరుగుగా మొదలుపెట్టాలి. కుక్క ఆగితే ఆగాలి. కుక్కలకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, ఎక్కువగా రొప్పడం ద్వారానే వేడి దించుకుంటాయి, గాలిలో తేమ ఎక్కువ ఉంటే ఆ రొప్పడం సరిగ్గా పనిచేయదు. కోస్తాలో పొద్దున ఆరున్నర దాటగానే ఉక్క మొదలవుతుంది, కాబట్టి వేసవిలో తెల్లవారకముందే ముగించడం మేలు. అరచేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలు కూడా కాలతాయి. చిగుళ్లు ఎర్రగా కందిపోయి, తూలుతూ, రొప్పు ఆగకపోతే నీడలోకి తెచ్చి మామూలు చల్లని నీళ్లతో తడుపుతూ వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. కుక్క మీకోసం పరుగెత్తుతూనే ఉంటుంది, నా వల్ల కాదని అది చెప్పదు, అది గమనించాల్సింది మనమే.

బెల్టు గురించి ఒక మాట. మన ఊరకుక్కల మెడ, తల దాదాపు ఒకే చుట్టుకొలతలో ఉంటాయి. భయపడి ఒక్కసారి వెనక్కి లాగితే మెడ బెల్టులోంచి తల బయటికి వచ్చేస్తుంది. కొత్తగా తెచ్చుకున్న కుక్కలు తప్పిపోయేది చాలావరకు ఇలాగే. ఛాతీకి పట్టే హార్నెస్ వేసి, మెడ బెల్టుకి కూడా తాడు కలిపి, మీ ఫోన్ నంబరు ఉన్న బిళ్ల మొదటి రోజు నుంచే తగిలించండి. అది మీ మనిషి అయిపోయింది అనిపించినా నెలల తరబడి తాడు విప్పకండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి కొండాపూర్‌లో 2018లో జీహెచ్‌ఎంసీ తెరిచిన డాగ్ పార్కు ఉంది, చుట్టూ కంచె ఉన్న అలాంటి చోటే స్వేచ్ఛగా వదలొచ్చు, అదీ మిగతా కుక్కలతో పడుతుందని తెలిశాక.

పిల్లలున్న ఇంట్లో ఇంకో సంగతి. ఈ వయసు కుక్క పరుగెత్తే కాళ్ల వెంట పడుతుంది, స్కేటింగ్ చక్రాల వెంట పడుతుంది, ఆటలో పళ్లు తగులుతాయి. మా అమ్మాయికి మేం నేర్పింది ఒక్కటే, అది ఉద్రేకంగా మీదకి వస్తే అరవకుండా, పరుగెత్తకుండా, చేతులు కట్టుకుని కదలకుండా నిలబడమని. ఆట ఆగిపోతే కుక్క కూడా ఆగిపోతుంది. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు తాకకూడదు, మెడ చుట్టూ చేతులు వేసి కౌగిలించుకోకూడదు, ఫోటో కోసమైనా సరే. పన్ను గీసుకుని చర్మం తెగితే, పెంపుడు కుక్కే కదా అని వదిలేయకుండా సబ్బుతో, ధారగా పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లండి. రేబిస్ లక్షణాలు ఒకసారి మొదలైతే మనిషి బతకడం దాదాపు ఉండదు, టీకా సమయానికి వేయించుకుంటే రాదు.

వైద్యం ఖర్చుకి కూడా సిద్ధంగా ఉండాలి. మన దగ్గర పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ చాలా ఎక్కువ. హుషారు కుక్క ఉన్నట్టుండి తిండి మానేసి, నీరసంగా పడి ఉంటే బాగా కుదురుకుంది అనుకోకండి, రక్త పరీక్ష చేయించండి, ప్లేట్‌లెట్లు పడిపోయి ఉండొచ్చు. దీని మందు డాక్టర్ చెప్పినన్ని వారాలూ వాడాలి, మధ్యలో లేచి తిరుగుతోంది కదా అని ఆపకూడదు. మన ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు వేయడం అసలే వద్దు.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకి అసోసియేషన్ టెన్షన్ ఒకటి. పెంపుడు కుక్కల్ని అసోసియేషన్లు నిషేధించలేవని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, కానీ ముందే దాన్ని చూపించి గొడవకి దిగకండి. లిఫ్టులో పిల్లలు ఉంటే తర్వాతి లిఫ్టు ఎక్కడం, అది దొడ్డికి వెళ్తే అప్పటికప్పుడు ఎత్తేయడం, రాత్రి మొరగకుండా చూసుకోవడం, ఇవి చేస్తే సగం మంది నోరెత్తరు. మిగతా సగం మందికి కుక్కలంటే నిజంగా భయం, ఆ భయాన్ని తీసిపారేయడానికి మనకి హక్కు లేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు వీధి కుక్కల దాడిలో చనిపోయాడు. ఆ వీడియో చూసిన తల్లి తన బిడ్డ పక్కన నా కుక్కని చూసి దూరం జరిగితే, మాదేం చేయదండీ అని నేను అనను, గవ్వని పక్కకి తీసుకుని దారి ఇస్తాను.

2025 ఆగస్టు 22న వీధి కుక్కల కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల్లో, ఇష్టమున్నవాళ్లు మున్సిపాలిటీకి దరఖాస్తు చేసుకుని వీధి కుక్కని దత్తత తీసుకోవచ్చని, అలా తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసుకోవడం తీసుకున్నవాళ్ల బాధ్యతేనని ఉంది. చట్టం చెప్పకపోయినా న్యాయం అదే. ఒకసారి ఇంటి తిండికి, ఇంటి నిద్రకి అలవాటుపడిన కుక్కని తిరిగి రోడ్డు మీద వదిలితే పాత వీధి దాన్ని రానివ్వదు. కుదరకపోతే ఏ షెల్టర్ నుంచి తెచ్చారో వాళ్లకే అప్పగించండి, అదీ ఒక నెల కాదు, నిజాయితీగా మూడు నెలలు ప్రయత్నించాక.

ఇంకా సందేహంగా ఉంటే ఫోస్టర్‌గా కొన్నాళ్లు ఉంచుకుంటామని అడగండి, చాలా షెల్టర్లు సంతోషంగా ఒప్పుకుంటాయి. చూడటానికి ఒక్కసారే వెళ్లి తేల్చుకోకండి. ఒకసారి పొద్దున, ఒకసారి వాటి భోజనాలు అయ్యాక మధ్యాహ్నం వెళ్లండి, ఇంట్లో రోజంతా ఉండే మనిషిని కూడా వెంట తీసుకెళ్లండి. మీకు నచ్చిన కుక్కని మిగతావాటికి దూరంగా గేటు బయట ఏ చెట్టు కిందకో నడిపించుకెళ్లి, పిలవకుండా, ముద్దు చేయకుండా పక్కన కూర్చుని, ఎంతసేపటికి దాని ఊపిరి నెమ్మదిస్తుందో చూడండి. పది నిమిషాలు పట్టినా ఫర్వాలేదు, అరగంట పట్టినా ఫర్వాలేదు. దానంతట అది ఒక్కసారి నేల మీద కూర్చున్నా చాలు, మిగతాది ఇంట్లో నేర్పొచ్చు. ఇక తెచ్చుకునే రోజు మాత్రం దీపావళి ముందు పెట్టుకోకండి. టపాసులకి బెదిరి పారిపోయే కుక్కల్లో కొత్తగా వచ్చినవే ఎక్కువ. దీపావళి వెళ్లి, కార్తీక పౌర్ణమి చప్పుళ్లు కూడా సద్దుమణిగాక తెచ్చుకుంటే చలికాలం మొదలవుతుంది, పొద్దున నడకలకి కూడా ఉక్క ఉండదు.